వీఆర్ హెడ్‌సెట్‌కు వైర్‌లెస్ అడాప్టర్: ఇంట్లో వైఫై ఉండగా ఇంకో డాంగిల్ ఎందుకు?

2025 నవంబర్‌లో, స్టీమ్ అనే పీసీ గేముల దుకాణం నడిపే వాల్వ్ సంస్థ స్టీమ్ ఫ్రేమ్ అనే కొత్త వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌ను ప్రకటించింది. దానితో పాటు పీసీకి పెట్టుకునే చిన్న యూఎస్‌బీ వైర్‌లెస్ అడాప్టర్ కూడా పెట్టెలోనే ఇస్తామంది. చాలామందికి వెంటనే వచ్చిన సందేహం ఒకటే. హెడ్‌సెట్‌లో వైఫై ఉంది, ఇంట్లో రౌటర్ ఉంది, నెలనెలా ఇంటర్నెట్ బిల్లు కడుతూనే ఉన్నాం. మధ్యలో ఈ డాంగిల్ ఏం చేస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వీఆర్‌లో కేబుల్ తీసేయడానికి ఇప్పటికి పదేళ్లుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. దారులు మారాయి కానీ అందరూ వాటిని "వైర్‌లెస్ అడాప్టర్" అనే ఒక్క పేరుతోనే పిలుస్తున్నారు. గందరగోళంలో సగం అక్కడే మొదలైంది.

కేబుల్ మోసే బరువు

2016 ఏప్రిల్‌లో వచ్చిన హెచ్‌టీసీ వైవ్ హెడ్‌సెట్‌ను తీసుకుందాం. దానికి ఐదు మీటర్ల కేబుల్ ఉండేది. ఒకే కట్టలా కనిపించినా అందులో మూడు పనులు జరిగేవి. హెచ్‌డీఎంఐ ద్వారా పీసీ నుంచి బొమ్మ వచ్చేది. యూఎస్‌బీ ద్వారా తల ఎటు తిరిగిందో, ఎంత వంగిందో ఆ సమాచారం పీసీకి వెళ్లేది. మూడోది కరెంటు.

కేబుల్ తీసేస్తున్నాం అంటే ఈ మూడింటికీ వేరే ఏర్పాటు చేయాలి. కరెంటుకు బ్యాటరీ సరిపోతుంది. తల కదలికల సమాచారం చాలా చిన్నది, ఏ రేడియో అయినా మోయగలదు. అసలు సమస్య బొమ్మ.

లెక్క వేసి చూద్దాం. మొదటి వైవ్‌లో రెండు కళ్లకూ కలిపి 2160 అడ్డం, 1200 నిలువు పిక్సెళ్లు. మొత్తం దాదాపు 26 లక్షలు. సెకనుకు 90 బొమ్మలు. ఒక్కో పిక్సెల్ రంగు చెప్పడానికి 24 బిట్లు. మూడూ గుణిస్తే సెకనుకు 5.6 గిగాబిట్లు వస్తుంది. మన ఇళ్లలో 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ప్లాన్ ఉంటే, అలాంటివి 56 కలిపితే ఇది.

2018లో వచ్చిన వైవ్ ప్రోలో పిక్సెళ్లు 2880 × 1600కి పెరిగాయి. అదే లెక్కన 9.95 గిగాబిట్లు. 2019 నాటి వాల్వ్ ఇండెక్స్‌లోనూ అన్నే పిక్సెళ్లు, కానీ సెకనుకు 144 బొమ్మల దాకా చూపిస్తుంది. అప్పుడు 15.9 గిగాబిట్లు. హెడ్‌సెట్ మెరుగయ్యే కొద్దీ గాలిలో మోయాల్సిన బరువు పెరిగిపోతూ వచ్చింది.

ఒకే పేరుతో మూడు వస్తువులు

ఇప్పటిదాకా అంగట్లో "వీఆర్ వైర్‌లెస్ అడాప్టర్" అని కనిపించినవి ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది కేబుల్ హెడ్‌సెట్‌కు పైన తగిలించే పరికరం. ఇది హెచ్‌డీఎంఐ కేబుల్ పనిని 60 గిగాహెర్ట్జ్ రేడియోతో చేస్తుంది. రెండోది మెటా సంస్థ క్వెస్ట్ లాంటి సొంత ప్రాసెసర్ ఉన్న హెడ్‌సెట్‌తో పీసీ నేరుగా మాట్లాడేందుకు పీసీకి పెట్టే వైఫై డాంగిల్. మూడోది బ్లూటూత్ డాంగిల్. బొమ్మతో దీనికి సంబంధమే లేదు, చేతిలోని కంట్రోలర్ల కోసం మాత్రమే.

ఈ మూడోదాన్ని ఇక్కడే ముగించేస్తాను. ప్లేస్టేషన్ వీఆర్2ను పీసీకి కలపడానికి సోనీ 2024 ఆగస్టులో ఒక అడాప్టర్ తెచ్చింది. పేరు అడాప్టరే అయినా అది వైర్‌లెస్ కాదు, హెడ్‌సెట్ కేబుల్ అలాగే ఉంటుంది. కానీ కంట్రోలర్లకు బ్లూటూత్ కావాలి, అది ఆ అడాప్టర్‌లో లేదు. పీసీలో లేకపోతే విడిగా డాంగిల్ పెట్టాలి. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుళ్ల నుంచి వెలువడే రేడియో రొద సరిగ్గా ఆ ప్రాంతంలోనే పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. కంట్రోలర్ చేతిలో ఉన్నా ఆటలో చెయ్యి ఎక్కడికో ఎగిరిపోతోందంటే, డాంగిల్ పీసీ వెనక యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు పక్కన ఇరుక్కుని ఉండటం ఒక కారణం కావచ్చు. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరిపితే చాలామందికి నయం కావడం వెనక రహస్యం ఇదే.

60 గిగాహెర్ట్జ్ దారి: టార్చి వెలుగులాంటి రేడియో

మొదటి రకం కథ 2016 చివర్లో చైనాలో మొదలైంది. టీపీకాస్ట్ అనే సంస్థ వైవ్ కోసం ఒక కిట్ ప్రకటించి, మరుసటి ఏడాది అమ్మింది. 2018 సెప్టెంబర్‌లో హెచ్‌టీసీ సొంతంగా వైవ్ వైర్‌లెస్ అడాప్టర్ తెచ్చింది. ధర 299 డాలర్లు. వైవ్ ప్రో వాడేవాళ్లకు ఇంకో 60 డాలర్ల కిట్ అదనం.

దాని అమరిక ఇలా ఉంటుంది. డెస్క్‌టాప్ పీసీ లోపల మదర్‌బోర్డు స్లాట్‌లో ఒక పీసీఐఈ కార్డు బిగించాలి. దాని నుంచి వచ్చే చిన్న పెట్టెను మానిటర్ మీద ఆడే చోటు వైపు చూసేలా పెట్టాలి. తల మీద రిసీవర్, నడుముకు పవర్ బ్యాంకు. పీసీఐఈ స్లాట్ తప్పనిసరి కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు ఈ దారి మొదట్లోనే మూసుకుపోయింది.

ఇంటెల్ వైగిగ్ అనే పద్ధతి దీనికి ఆధారం. 60 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఒక్కో చానల్ వెడల్పు 2.16 గిగాహెర్ట్జ్. సాధారణ వైఫై చానల్ 80 లేదా 160 మెగాహెర్ట్జ్ మాత్రమే. అంత వెడల్పైన దారి కాబట్టే సెకనుకు దాదాపు 7 గిగాబిట్ల దాకా పోతుంది. పైన వేసిన లెక్కతో పోల్చి చూడండి. మొదటి వైవ్‌కు కావలసిన 5.6 కాగితం మీద ఇందులో పడుతుంది. వైవ్ ప్రోకు కావలసిన 9.95 పట్టదు. అందుకే హెచ్‌టీసీ అడాప్టర్ డిస్‌ప్లేలింక్ వాళ్ల కంప్రెషన్‌ను వాడింది. బొమ్మను తేలిగ్గా, కంటికి తెలియనంతగా కుదించి పంపడం దాని పద్ధతి. ఇండెక్స్‌కు వాల్వ్ ఇలాంటి అడాప్టర్ తేనే లేదు. 15.9 గిగాబిట్ల లెక్క చూస్తే అది ఎంత కష్టమో అర్థమవుతుంది.

ఈ రేడియో అల పొడవు 5 మిల్లీమీటర్లే. అది దాదాపు వెలుగులా ప్రవర్తిస్తుంది. చీకట్లో టార్చి వేసి మధ్యలో చెయ్యి అడ్డం పెడితే నీడ పడ్డట్టే, పంపే పెట్టెకూ తలకూ మధ్య చెయ్యి వస్తే సిగ్నల్‌కు నీడ పడుతుంది. గోడ దాటదు. వెనక్కి తిరిగి వంగి కూర్చుంటే మన ఒళ్లే అడ్డం.

అయితే ఆ లోపమే ఒక సుగుణం కూడా. పక్క ఫ్లాటు సిగ్నల్ గోడ దాటి మన గదిలోకి రాదు. అపార్ట్‌మెంట్లలో వైఫై వాడేవాళ్లకు ఇది ఎంత పెద్ద వరమో కిందికి వెళ్లాక తెలుస్తుంది. ఇంత దగ్గరగా తల మీద రేడియో ఉంటే ప్రమాదం కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. 60 గిగాహెర్ట్జ్ అల చర్మంలోకి ఒక మిల్లీమీటరు కూడా దిగదు. అది ఎక్స్‌రేలా కణాలను చీల్చే రకం కాదు, శక్తి పరిమితులకు అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి.

కుదించి పంపే దారి: 15 గిగాబిట్లు 200 మెగాబిట్లయ్యే మార్గం

2020 అక్టోబర్‌లో వచ్చిన క్వెస్ట్ 2తో కథ మలుపు తిరిగింది. దానిలో సొంత ప్రాసెసర్, బ్యాటరీ, వైఫై 6 ఉన్నాయి. తల కదలికను తన కెమెరాలతో తానే తెలుసుకుంటుంది. అంటే వీడియో డీకోడ్ చేయగలిగిన చిన్న కంప్యూటర్ తల మీదే ఉంది. ఇక హెచ్‌డీఎంఐ లాగా ముడి బొమ్మ పంపక్కర్లేదు. పీసీ బొమ్మను గీసి, వీడియోలా గట్టిగా కుదించి వైఫైలో పంపితే, హెడ్‌సెట్ విప్పి చూపిస్తుంది. వర్చువల్ డెస్క్‌టాప్ అనే యాప్ ఈ పనిని ముందే చేసి చూపించింది. 2021 ఏప్రిల్‌లో క్వెస్ట్ తయారుచేసే ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) సంస్థే ఎయిర్ లింక్ పేరుతో తెచ్చింది. 2023 చివర్లో వాల్వ్ వాళ్ల స్టీమ్ లింక్ కూడా క్వెస్ట్‌కు వచ్చింది.

ఎంత కుదిస్తున్నారో చూడండి. క్వెస్ట్ 2లో ఒక్కో కంటికి 1832 × 1920. రెండు కళ్లకు, 90 బొమ్మలకు లెక్కేస్తే ముడి బొమ్మ 15.2 గిగాబిట్లు. ఎయిర్ లింక్ పంపేది గరిష్ఠంగా 200 మెగాబిట్లు. అంటే 76 భాగాల్లో ఒక భాగం. మిగిలిన 75 భాగాలను కోడెక్ (వీడియోను కుదించి, విప్పే పద్ధతి) "కంటికి పెద్దగా తెలియదు" అని లెక్కగట్టి వదిలేస్తోంది. చాలా దృశ్యాల్లో దాని అంచనా ఆశ్చర్యం కలిగించేంత సరిగ్గా ఉంటుంది. తేడా బయటపడేది వాన, పొగ, గాలికి ఊగే ఆకులు, చీకటి గదుల్లో. అక్కడ బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది.

300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా బొమ్మ ఆగిపోవడం

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

కూకట్‌పల్లిలో మా పిన్ని కొడుకు ఉండే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో హాల్లో తలుపు పక్కన రౌటర్, లోపల బెడ్‌రూమ్‌లో పీసీ. పీసీ కూడా వైఫై మీదే. వాడు హాల్లో నిలబడి ఆడతాడు. బొమ్మ మాటిమాటికీ ఆగేది. 300 ఎంబీపీఎస్ ప్లాన్ సరిపోవట్లేదేమోనని 500కి పెంచాడు. ఏమీ మారలేదు.

మారదు కూడా. పీసీ నుంచి హెడ్‌సెట్‌కు వెళ్లే బొమ్మ ఇంటి గడప దాటదు. ఇంటర్నెట్ కేబుల్ పీకేసినా ఇంట్లో వైఫై నడుస్తూనే ఉంటుంది. ప్లాన్ అనేది వీధి నుంచి ఇంటికి వచ్చే నీళ్ల పైపు. మనకు కావలసింది వంటింటి నుంచి హాలుకు నీళ్లు పోయే పైపు.

వాడి ఇంట్లో ఏం జరిగిందో అంకెల్లో చూద్దాం. 200 మెగాబిట్లను 90 బొమ్మలకు పంచితే ఒక్కో బొమ్మ సుమారు 2.22 మెగాబిట్లు, అంటే 278 కిలోబైట్లు. సెకనుకు 90 అంటే ప్రతి 11.1 మిల్లీసెకన్లకు ఒకటి చేరాలి. హాల్లో రౌటర్‌కు దగ్గరగా ఉన్న వైఫై 6 హెడ్‌సెట్‌కు నిజంగా అందే వేగం 800 ఎంబీపీఎస్ అనుకుందాం. బొమ్మ చేరడానికి 2.8 మిల్లీసెకన్లు. బాగానే ఉంది. కానీ అంతకుముందు ఆ బొమ్మ బెడ్‌రూమ్ పీసీ నుంచి రౌటర్‌కు రావాలి. మధ్యలో రెండు గోడలు. అక్కడ వేగం 250కి పడిపోయిందనుకుంటే 8.9 మిల్లీసెకన్లు. ఒకే చానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. కాబట్టి రెండూ కలపాలి. మొత్తం 11.7. ఇచ్చిన గడువు 11.1.

ఆ 0.6 మిల్లీసెకన్ల తేడాతోనే ప్రతి బొమ్మా ఆలస్యమై, వెనకదాన్ని తోస్తూ పోతుంది. పక్క ఫ్లాటు వాళ్లు అదే చానల్‌లో సినిమా చూస్తుంటే వాళ్ల వంతు కూడా ఇందులోంచే పోవాలి.

పీసీ నుంచి రౌటర్‌కు లాన్ కేబుల్ వేసిన రోజు ఆ 8.9 గాలిలోంచి మాయమైంది. మిగిలింది 2.8 మాత్రమే. అంత సులువుగా తేలిపోయిన సమస్యకు రెండు నెలలు ఎక్కువ బిల్లు కట్టాడని నాకిప్పటికీ బాధ. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని రౌటర్ల లాన్ పోర్టుల వేగం 100 ఎంబీపీఎస్ మాత్రమే. వాటిలో ఆ 2.22 మెగాబిట్ల బొమ్మ వెళ్లడానికి 22 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుల్ వేసినా బాగుపడలేదని కొందరు చెప్పడానికి ఇది కారణం కావచ్చు.

డాంగిల్ ఎక్కడ ఉపయోగపడుతుందో ఇప్పుడు కనిపిస్తుంది. రౌటర్ ఒక గదిలో, పీసీ ఇంకో గదిలో, మధ్యలో కేబుల్ లాగే వీలు లేదు. అద్దె ఇంట్లో గోడకు రంధ్రం కొట్టలేం. అప్పుడు పీసీకే ఒక చిన్న ప్రైవేటు వైఫై పెడితే బొమ్మ రౌటర్ దగ్గరికే వెళ్లక్కర్లేదు. పీసీ నుంచి నేరుగా హెడ్‌సెట్‌కు ఒకే గెంతు. 2022లో డీలింక్ సంస్థ మెటాతో కలిసి వీఆర్ ఎయిర్ బ్రిడ్జ్ అనే యూఎస్‌బీ డాంగిల్‌ను సరిగ్గా ఇందుకే తెచ్చింది, ధర వంద డాలర్లు. ఇది 60 గిగాహెర్ట్జ్ అడాప్టర్ కాదు, మామూలు వైఫై 6 రేడియోనే. కొత్తదనమంతా ఆ దారిలో ఇంకెవరూ నడవకపోవడంలో ఉంది.

అదే పనిని విడి రౌటర్‌తో చేయడం మేలని ఇంకొందరి వాదన. పీసీకి లాన్‌తో కలిపి, ఆడే గదిలోనే పెట్టి, హెడ్‌సెట్‌కు తప్ప ఇంకెవరికీ పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఉంచే రౌటర్. వాళ్ల మాటలో బలం ఉంది. రౌటర్‌కు పెద్ద యాంటెనాలు, సొంత ప్రాసెసర్ ఉంటాయి. యూఎస్‌బీ డాంగిల్‌కు పీసీ మీద, దాని డ్రైవర్ల మీద ఆధారపడక తప్పదు. డాంగిల్‌కు ఉన్న బలమల్లా అమర్చడం తేలిక కావడం. టెక్నికల్ సెట్టింగులు చూస్తేనే టెన్షన్ పడేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఆలస్యం: తలకు ఒక రూలు, చేతికి ఇంకొకటి

తల తిప్పిన క్షణానికీ కంటి ముందు బొమ్మ మారిన క్షణానికీ మధ్య 20 మిల్లీసెకన్లకు మించి పడితే మెదడు పసిగడుతుందని వీఆర్ తయారీదారులు చాలాకాలంగా ఒక గురి పెట్టుకున్నారు. కన్ను ఒకటి చెబుతుంటే లోపలి చెవి ఇంకొకటి చెబుతుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదివితే తిప్పినట్టే ఇక్కడా కడుపులో తిప్పుతుంది.

వైఫైలో కుదించడం, పంపడం, విప్పడం అన్నీ కలిపితే ఆలస్యం సాధారణంగా 40 నుంచి 60 మిల్లీసెకన్లు ఉంటుంది. మరి జనం ఎలా ఆడుతున్నారు? హెడ్‌సెట్ ఒక ఉపాయం చేస్తుంది. పీసీ నుంచి వచ్చిన బొమ్మ కొంచెం పాతదని దానికి తెలుసు. తల ఈలోగా ఎంత తిరిగిందో కూడా తెలుసు. ఆ మేరకు బొమ్మను పక్కకు జరిపి చూపిస్తుంది. ఆలస్యం మరీ పెరిగినప్పుడు తల గట్టిగా తిప్పితే అంచుల్లో నల్లటి పట్టీ కనిపిస్తుంది కదా, అది ఇంకా బొమ్మ రాని చోటు.

చేతికి ఈ ఉపాయం పనిచేయదు. బంతిని కొట్టిన క్షణం పీసీకి చేరి, పీసీ కొత్త దృశ్యం గీసి, అది తిరిగి రావాలి. అందుకే వైర్‌లెస్‌లో నెమ్మదిగా తిరిగే ఆటలు హాయిగా ఉండి, లయకు తగ్గట్టు చేతులు విసిరే ఆటల్లో నేర్పరులు తేడా పట్టేస్తారు. పాత వైవ్ లాంటి హెడ్‌సెట్లలో ఈ సర్దుబాటు పీసీలోనే జరిగేది, తల మీద కంప్యూటర్ లేదు. అందుకే 60 గిగాహెర్ట్జ్ అడాప్టర్ ఆలస్యాన్ని అతి తక్కువగా ఉంచక తప్పలేదు.

కేబులే మేలనేవాళ్ల మాట

ఫ్లైట్ సిమ్యులేటర్, కారు రేసింగ్ ఆడేవాళ్లలో చాలామంది ఇప్పటికీ కేబుల్ వదలరు. వాళ్లు కుర్చీలో కూర్చునే ఉంటారు, కాళ్లకు కేబుల్ చుట్టుకునే బెడద లేదు. దూరంగా ఉన్న రన్‌వే అంకెలు, డాష్‌బోర్డు మీద సన్నటి ముల్లు స్పష్టంగా కనిపించాలి. 76 వంతుల కుదింపులో మొదట చెదిరేవి అవే. హెచ్‌డీఎంఐ లాంటిదే అయిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ద్వారా వచ్చే బొమ్మతో వాళ్లకు తృప్తి. ఇదే క్వెస్ట్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే మాత్రం ఆ లాభం పూర్తిగా రాదు, అక్కడ కూడా బొమ్మ కుదించే వెళ్తుంది.

నిలబడి ఆడేవాళ్ల అనుభవం వేరు. వెనక్కి తిరిగినప్పుడల్లా కేబుల్ ఎటు పడిందో మనసులో ఒక మూల లెక్క నడుస్తూనే ఉంటుంది. అది పోయిన రోజు ఆ లోకంలో నిజంగా ఉన్నట్టు అనిపిస్తుంది. నా వరకు నాకు ఆ స్వేచ్ఛ కోసం కాస్త మసక బొమ్మ సమ్మతమే. విమానం నడిపే మిత్రులకు కాదు. రెండూ సరైన జవాబులే, ప్రశ్నలే వేరు.

6 గిగాహెర్ట్జ్: మన ఇళ్లలో దాని సంగతి

ఇళ్లలో వైఫై వాడే 5 గిగాహెర్ట్జ్ ఇరుగ్గా మారింది కాబట్టి కొత్త హెడ్‌సెట్లు 6 గిగాహెర్ట్జ్ వైపు చూస్తున్నాయి. 2023 అక్టోబర్‌లో వచ్చిన క్వెస్ట్ 3లో 6 గిగాహెర్ట్జ్‌లోనూ నడిచే వైఫై 6ఈ ఉంది. కానీ ఆ రేడియో పనిచేయాలంటే దేశ నిబంధనలు ఒప్పుకోవాలి. పరికరం ఏ దేశంలో ఉందో దాన్ని బట్టి ఆ చానళ్లు కనిపిస్తాయి లేదా మాయమవుతాయి. అమెరికాలో ఉన్న అన్నయ్య ఇంట్లో బ్రహ్మాండంగా నడిచిన రౌటర్, హెడ్‌సెట్ల జత విజయవాడలో అలాగే నడవకపోవడానికి ఇది ఒక కారణం.

అమెరికా 2020 ఏప్రిల్‌లో ఏకంగా 1200 మెగాహెర్ట్జ్‌ను లైసెన్స్ అక్కర్లేకుండా వైఫైకి తెరిచింది. 160 మెగాహెర్ట్జ్ చానళ్లు అందులో ఏడు పడతాయి. మన దేశంలో దీని మీద గట్టి వాదనే నడిచింది. ఆ బ్యాండ్ మొబైల్ సేవలకు కావాలని టెలికాం కంపెనీలు, వైఫైకి ఇవ్వాలని టెక్నాలజీ కంపెనీలు పట్టుబట్టాయి. 2025 మేలో టెలికాం శాఖ ముసాయిదా నిబంధనలు ప్రకటించింది. 5925 నుంచి 6425 దాకా ఉన్న కింది 500 మెగాహెర్ట్జ్‌ను ఇంటి లోపల తక్కువ శక్తితో లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చన్నది దాని సారం. ఈ 500లో 160 మెగాహెర్ట్జ్ చానళ్లు మూడు పడతాయి. 6 గిగాహెర్ట్జ్ గోడలకు 5 కన్నా ఇంకా త్వరగా నీరసపడుతుంది కాబట్టి, పక్కవాళ్ల బెడద తక్కువగా ఉండే మూడు చానళ్లు ఒక ఫ్లాటుకు తక్కువేమీ కాదు.

స్టీమ్ ఫ్రేమ్ డాంగిల్ సంగతి ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. వాల్వ్ చెప్పిన ప్రకారం హెడ్‌సెట్‌లో రెండు రేడియోలు ఉంటాయి. ఒకటి 5 గిగాహెర్ట్జ్‌లో ఇంటి రౌటర్‌తో ఇంటర్నెట్ కోసం, రెండోది 6 గిగాహెర్ట్జ్‌లో డాంగిల్‌తో బొమ్మ కోసం. ఇంట్లో ఎవరు ఏం డౌన్‌లోడ్ చేసుకున్నా బొమ్మ దారికి అడ్డం రాకూడదని. దానికి తోడు హెడ్‌సెట్ లోపలి కెమెరాలు మన చూపు ఎక్కడుందో కనిపెట్టి, ఆ చోటును మాత్రమే పూర్తి నాణ్యతతో పంపమని పీసీకి చెబుతాయి. మన కన్ను ఒక క్షణంలో నిశితంగా చూసేది రెండు డిగ్రీల మేర మాత్రమే, చేయి చాచి పట్టుకున్న బొటనవేలి గోరంత. కుదింపులో పోయే బిట్లన్నీ కన్ను చూడని చోటు నుంచే పోవాలని వాళ్ల ప్రయత్నం. చూపు చివాలున పక్కకు దూకినప్పుడు కొత్త బిట్లు దాన్ని అందుకునేలోపు మసక కనిపిస్తుందా లేదా అన్నది, మళ్లీ ఆ 11 మిల్లీసెకన్ల గడువు దగ్గరే తేలాలి.